సావిత్రి ఎదుగుదలలో మద్రాసు వాటా: అభిమానం చూసేది, చూడక వదిలేసేది

సంక్షిప్తంగా: నటి సావిత్రి విజయానికి ప్రతిభను, పతనానికి స్వభావాన్ని కారణంగా చెప్పడం అభిమానుల కథల్లో స్థిరపడిపోయింది. ఆ ప్రతిభకు మళ్లీ మళ్లీ అవకాశమిచ్చింది 1950ల నాటి మద్రాసు స్టూడియోల పనితీరు. నేపథ్యగానం స్థిరపడటం, ఒకే సెట్టులో తెలుగు, తమిళ చిత్రాలను కలిపి తీయడం, కంపెనీలు తమ మనుషులను పదేపదే వాడుకోవడం ఆమెకు మెట్లయ్యాయి. 1960ల చివరికి ఆ మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఆ మార్పును పక్కనపెట్టి చెప్పుకునే సావిత్రి కథ సగం కథే అవుతుంది.

రెండు బిరుదులు, ఒకే మనిషి

చెన్నై వడపళనిలో ఆర్కాటు రోడ్డు మీద నేడు ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్న విశాలమైన ఆవరణలో ఒకప్పుడు విజయా-వాహినీ స్టూడియో ఫ్లోర్లు వరుసగా ఉండేవి. అక్కడికి కొద్ది దూరంలోని సాలిగ్రామంలో, టీ నగర్ వీధుల్లో, మైలాపూరులో, పెరంబూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మూడో తరం ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చింది. తమిళనాడులో 2006లో తెచ్చిన చట్టం ప్రకారం బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైన తరువాత చదువుకున్న పిల్లలు వీరు. ఇంట్లో తెలుగు మాట్లాడినా, తెలుగు చదవడం రానివారు వీరిలో చాలామంది. అమ్మమ్మ టీవీలో ‘మాయాబజార్’ శశిరేఖను చూపించి మన సావిత్రి అంటుంది. పక్కింటి తమిళ పెద్దావిడ తమిళ చిత్రం ‘పాశమలర్’లోని చెల్లెలిని తలచుకుని ఎంగ సావిత్రి, అంటే మా సావిత్రి, అంటుంది. ఒకరికి ఆమె ‘మహానటి’, మరొకరికి ‘నడిగైయర్ తిలకం’, అంటే నటీమణుల తిలకం. 2018లో ఆమె జీవితం మీద వచ్చిన చిత్రం కూడా తెలుగులో ఒక బిరుదుతో, తమిళంలో మరొక బిరుదుతో విడుదల కావడంతో ఆమె అసలు ఎవరి నటి అన్న సందేహం ఈ తరంలో మరింత గట్టిపడింది.

పుట్టుక మాటకు వస్తే సందేహం లేదు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, విజయవాడలో పెద్దమ్మ దుర్గాంబ, ఆమె భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్య పెంపకంలో పెరిగి, అక్కడే శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి వద్ద నృత్యం నేర్చుకున్న తెలుగమ్మాయి ఆమె. అయితే నటిగా ఆమె పుట్టింది మద్రాసులో. ఆ నగరం అప్పుడు రెండు భాషల సినిమాకూ ఒకే కార్ఖానా. ఆ కార్ఖానా పనితీరు తెలిస్తే ఆ రెండు బిరుదులు ఒకే మనిషికి ఎందుకు వచ్చాయో, ఆమె మీది అభిమానం హీరోల మీది అభిమానానికి భిన్నంగా ఎందుకు నడిచిందో కూడా తెలుస్తుంది.

కాదన్న దర్శకుడే మళ్లీ పిలిచాడు

అభిమానులు ఇష్టంగా చెప్పుకునే తొలి ఘట్టం తిరస్కారం. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1950లో విడుదలైన ‘సంసారం’లో ఆమెకు ముఖ్యమైన పాత్ర దక్కి, కెమెరా ముందు బెదరడంతో చేజారింది. చివరకు ఆ చిత్రంలో ఆమెకు మిగిలింది చిన్న పాత్రే. ఈ ఘట్టాన్ని అవమానంగా, ఆ తరువాతి విజయాన్ని దానికి జవాబుగా చెప్పడం రివాజు. వినడానికి బాగుంటుంది కూడా. కానీ తరువాతి నాలుగైదేళ్ల వరుసను పక్కపక్కన పెడితే మరో సంగతి బయటపడుతుంది.

1951లో విజయా సంస్థ తీసిన ‘పాతాళభైరవి’లో ఆమె ఒక నృత్యంలో మాత్రమే కనిపిస్తుంది. 1952లో అదే సంస్థ ‘పెళ్లిచేసి చూడు’లో రెండో నాయిక. 1955లో అదే సంస్థ ‘మిస్సమ్మ’లో మొదటి నాయిక. 1957లో అదే సంస్థ ‘మాయాబజార్’లో శశిరేఖ. ‘పెళ్లిచేసి చూడు’కూ ‘మిస్సమ్మ’కూ దర్శకుడు మళ్లీ ఎల్.వి. ప్రసాదే. అంటే బెదిరిన పిల్లను పక్కనపెట్టిన మనిషే, కొన్నాళ్లకు ఆమె భుజం మీద మొత్తం చిత్రాన్ని పెట్టాడు. దీన్ని పగ, ప్రతీకారాల కథగా చెప్పడానికి ఆధారం లేదు. ఇది కంపెనీ నడిచిన పద్ధతి.

ఆనాటి పెద్ద సంస్థల్లో నటీనటులతో పాటు సాంకేతికులను కూడా నెలజీతం మీదనో, కొన్ని చిత్రాల ఒప్పందం మీదనో ఉంచుకునేవారు. మనిషి కంటి ముందే తిరుగుతూ ఉండేవాడు కనుక ఒక పాత్రలో తప్పితే మరో పాత్రలో చూడటానికి వీలుండేది. నేడు ఒక చిత్రానికి ఆడిషన్‌లో తప్పిన అమ్మాయిని అదే నిర్మాణసంస్థ ఏడాది తిరగకుండా మళ్లీ పరీక్షించడం అరుదు; ప్రతి చిత్రానికీ బృందం కొత్తగా ఏర్పడి, పని కాగానే చెదిరిపోతుంది. ఆనాటి బృందం చెదిరేది కాదు. ‘మిస్సమ్మ’ను, ‘మాయాబజార్’ను ఒకే ఛాయాగ్రాహకుడు, మార్కస్ బార్ట్లే, చిత్రించాడు. కళ గోఖలే, కళాధర్‌లది; అలంకరణ పీతాంబరం, భక్తవత్సలంలది. ఒకే ముఖాన్ని ఏళ్ల తరబడి చూసిన చేతులకు దాని మీద వెలుగు ఏ మూల నుంచి పడాలో, ఏ కనుబొమ విరుపు కెమెరాకు దొరుకుతుందో తెలిసిపోతుంది. నలుపు తెలుపు చిత్రాల్లో సావిత్రి కళ్లు మాట్లాడతాయని అభిమానులు అంటారు. ఆ కళ్లు ఆమెవే. వాటిని మాట్లాడనిచ్చిన వెలుగు మాత్రం ఆ బృందానిది.

వీటికి బయట ఒక ముఖ్యమైన మెట్టు ఉంది. 1953లో వినోదా పిక్చర్స్ నిర్మించి వేదాంతం రాఘవయ్య దర్శకత్వం వహించిన ‘దేవదాసు’లో పార్వతి. విజయా సంస్థలో ఇంకా రెండో వరసలో ఉన్న నటికి మరో సంస్థ ముందువరస ఇవ్వడం వల్లనే ఆమె బరువైన పాత్ర మోయగలదని ఊరంతటికీ తెలిసింది. స్టూడియోలన్నీ నాలుగైదు మైళ్ల దూరంలో, కోడంబాకం చుట్టుపక్కల గుమిగూడి ఉన్న ఊరు కావడం ఇక్కడ పనికొచ్చింది. ఒక ఫ్లోరులో పగలు జరిగిన సంగతి సాయంత్రానికి ఇంకో ఫ్లోరుకు చేరేది.

పాట గొంతు నుంచి విడిపోయాక

‘మిస్సమ్మ’ నాయిక పాత్రకు మొదట తీసుకున్నది భానుమతిని. కొంత చిత్రీకరణ జరిగాక నిర్మాత చక్రపాణితో పంతం వచ్చి ఆమె తప్పుకున్నారు. రెండో నాయికగా ఉన్న సావిత్రి మొదటి స్థానంలోకి, ఆమె వదిలిన స్థానంలోకి జమున వచ్చారు. అదృష్టం తలుపు తట్టిందని అభిమానులు దీన్ని చెబుతారు. అదృష్టమే, అందులో అనుమానం లేదు. అయితే పదేళ్లు ముందుగా వచ్చి ఉంటే ఈ అదృష్టం ఆమెకు పెద్దగా అక్కరకు వచ్చేది కాదు. కారణం పాట.

భానుమతి తరం నాయికలకు గొంతు పెట్టుబడి. 1939లో తెరకు వచ్చిన భానుమతి తన పాట తానే పాడుకున్నారు, చివరిదాకా అంతే. కన్నాంబ, ఎస్. వరలక్ష్మి కూడా పాడగలిగిన నటులే. పాడలేని అమ్మాయి నాయిక కావడం అప్పట్లో అంత సులువు కాదు. 1940ల చివరినుంచి నేపథ్యగానం స్థిరపడి, నటన ఒకరిది, గానం మరొకరిది అన్న విభజన ప్రేక్షకులకు అలవాటైంది. ‘మిస్సమ్మ’లో సావిత్రికి పి. లీల, జమునకు పి. సుశీల పాడారు. సంగీతం సాలూరు రాజేశ్వరరావుది. భానుమతి ఉండి ఉంటే ఆ పాటలు ఆమె గొంతులోనే వినిపించేవి.

నృత్యం నేర్చి, సంగీతం అంతగా నేర్వని నటికి ఈ విభజన పెద్ద తలుపు తెరిచింది. పాట భారం దిగిపోయిన ముఖానికి భావం మీదనే మనసు పెట్టే వెసులుబాటు దొరికింది. ఇక్కడ పోలిక ఒకటి చెప్పుకోవాలి. భానుమతి తెర మీద కోపగిస్తే అందులో అధికారం ఉంటుంది, ఎదుటివాడు తగ్గాలి. ‘మిస్సమ్మ’లో సావిత్రి మేరీ కోపంలో అలిగిన పిల్ల ఉంటుంది, లోపల ఎక్కడో దిగులు ఉంటుంది, ఎదుటివాడికి బతిమాలాలనిపిస్తుంది. పాత్ర ఒకటే, హాస్యం రంగు మారింది. ఏది మేలన్నది ప్రశ్న కాదు. మధ్యతరగతి ఇళ్ల కథలకు మళ్లుతున్న 1950ల సినిమాకు రెండో రకం కోపం బాగా అతికింది, అంతే.

భానుమతి వైపు నుంచి చూస్తే మరొక తేడా కనిపిస్తుంది. ఆమెకు సాలిగ్రామంలో సొంత భరణీ స్టూడియో ఉంది. దర్శకత్వం చేశారు, రచన చేశారు, పాడారు. కాబట్టి ఒక పాత్ర వదులుకోవడం ఆమెకు ఒక పాత్ర వదులుకోవడమే. సావిత్రికి ఉన్నది నటన ఒక్కటే. పైకి ఎక్కుతున్నప్పుడు ఈ తేడా కనపడదు. దిగేటప్పుడు కనపడింది.

ఒకే సెట్టులో రెండు భాషలు

రెండు బిరుదుల రహస్యం ఈ పద్ధతిలోనే ఉంది. పౌరాణికానికో, పెద్ద సాంఘికానికో వేసిన సెట్టు ఖర్చును ఒక్క తెలుగు మార్కెట్ మీద రాబట్టడం కష్టం కనుక, విజయా వంటి సంస్థలు అదే సెట్టులో, అదే వెలుగులో, ముందు తెలుగు షాటు, ఆ వెంటనే తమిళ షాటు తీసేవి. ‘పెళ్లిచేసి చూడు’, ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ అన్నీ ఇలా రెండు భాషల్లోనూ తయారైనవే. ‘మాయాబజార్’ తెలుగులో 1957 మార్చి 27న, తమిళంలో ఏప్రిల్ 12న విడుదలైంది. మధ్య ఎడం మూడు వారాలు కూడా లేదు.

ఈ జంట చిత్రాల్లో ఎవరు మారారో, ఎవరు మారలేదో గమనించాలి. ‘మిస్సమ్మ’ తెలుగులో నాయకుడు ఎన్.టి. రామారావు, తమిళంలో జెమినీ గణేశన్. ‘మాయాబజార్’ తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. 1962లో ‘గుండమ్మకథ’ తమిళానికి వెళ్లినప్పుడు కూడా రామారావు స్థానంలోకి జెమినీ గణేశన్ వచ్చారు; అక్కినేనితో పాటు సావిత్రి, జమున ఉన్నారు. నాయకుడి పేరు మీద చిత్రాన్ని ఏరియాలవారీగా అమ్ముతారు కనుక ఆ పేరు స్థానికంగా చెల్లుబాటు కావాలి. నాయిక పేరు మీద అమ్మకం జరగదు కనుక ఆమె రెండు భాషలకూ ఒకరే అయినా నష్టం లేదు, పైగా కాల్షీట్లు, దుస్తులు కలిసొస్తాయి. నాయికను తక్కువగా లెక్కగట్టిన ఈ గణితమే సావిత్రికి రెండు రాష్ట్రాల ప్రేక్షకులను ఒకేసారి ఇచ్చింది. వ్యాపారంలో ఇలాంటి తమాషాలు జరుగుతుంటాయి.

అయితే అవకాశం రావడం వేరు, రెండు భాషల్లో నిలబడటం వేరు. షాటు రెండుసార్లు చేయడమంటే అదే భావాన్ని వేరే వాక్యనిర్మాణంలో, వేరే ఊపిరితో, ఒక్కోసారి వేరే నాయకుడి కళ్లలోకి చూస్తూ మళ్లీ పలికించడం. తమిళం ఆమె నేర్చుకున్న భాష. నేర్చుకుని, తన మాట తానే చెప్పి, 1960లో ఎ.వి.ఎం. చిత్రం ‘కళత్తూర్ కణ్ణమ్మ’లో నాయికగా, 1961లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలోని ‘పాశమలర్’లో శివాజీ గణేశన్ ఎదుట చెల్లెలిగా నిలిచే స్థాయికి చేరారు. శివాజీకి తమిళులు ఇచ్చిన బిరుదు ‘నడిగర్ తిలకం’. సావిత్రికి ఇచ్చింది దానికి జోడు బిరుదు.

ఆమె పనితనాన్ని చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో కూర్చుంటాడు. పెళ్లి పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరి నవ్విస్తుంది, నిజమే. కానీ గొంతు మారకముందే మనిషి మారి ఉంటుంది. నడుము బిగుసుకుంటుంది, భుజాలు వెడల్పవుతాయి, కనుబొమలు ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావువి అవుతాయి, మరుక్షణం ఎవరో వస్తున్నారని తెలిసి మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు. ఇక్కడ ఆమె నటించేది రాక్షసుణ్ని కాదు, శశిరేఖనూ కాదు. శశిరేఖగా నటించడం సరిగ్గా చేతకాని రాక్షసుణ్ని నటిస్తున్నారు. మూడు పొరలు. దర్శకుడు కె.వి. రెడ్డి సన్నివేశాల నిడివిని ముందే రిహార్సల్స్‌లో లెక్కగట్టుకుని, స్టాప్‌వాచ్ చేతపట్టి పనిచేసేవారని పేరు. అంత కొలతలోనూ ఆ పొరలు జారకపోవడం సాధనే.

హీరో అభిమానం, నటి అభిమానం

తెలుగు ప్రాంతంలో హీరో అభిమానానికి రూపం ఉంది. సంఘం ఉంటుంది, అధ్యక్షుడుంటాడు, విడుదలరోజున థియేటర్ ముందు కటౌట్, దండ, టపాకాయలు ఉంటాయి. ఆ హడావిడి వృథా కాదు. మొదటివారం వసూళ్లను అది నిర్ణయిస్తుంది, మొదటివారం వసూళ్లు చిత్రాన్ని ఏరియాకు కొనే బయ్యరు ఇచ్చే ధరను, ఆ ధర హీరో పారితోషికాన్ని నిర్ణయిస్తాయి. అభిమానం నేరుగా డబ్బుగా మారే గొట్టం అది.

సావిత్రి మీది అభిమానానికి అలాంటి గొట్టం లేదు. అది ఇళ్లలో ఉండేది. మ్యాట్నీకి వెళ్లివచ్చిన ఆడవాళ్లు చీరకట్టు గురించి, జడ గురించి, ఆ ఏడుపు గురించి చెప్పుకునే మాటల్లో ఉండేది. థియేటర్ దగ్గర అమ్మే పాటల పుస్తకం అట్ట మీద ఆమె బొమ్మ, రేడియోలో పాట, సినిమా పత్రికలో ఫొటో దానికి ఆహారం. మద్రాసు నుంచి వెలువడిన తెలుగు పత్రికల్లో కొన్ని సినిమా సంస్థల యజమానులవే. ‘చందమామ’ పుట్టింది విజయా సంస్థ అధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణి చేతుల్లోనే. ‘విజయచిత్ర’ పేరు చూస్తేనే సంగతి తెలుస్తుంది. నటి బొమ్మ స్టూడియో గేటు దాటి తెనాలి, కర్నూలు ఇళ్లకు చేరడానికి దారి దగ్గరగా ఉంది. కానీ ఆ ప్రేమ ఎంత లోతైనదైనా బయ్యరు లెక్కలో దానికి గడి లేదు. లేడీస్ సెంటిమెంట్ ఉందంటే చిత్రం ఎక్కువ వారాలు ఆడుతుందని అంచనా వేసుకునేవారు; ఆ ఎక్కువ వారాల లాభం నిర్మాతకు, పంపిణీదారుకు చేరేది.

ఈ తేడా వల్ల మరొక పర్యవసానం ఉంది. సంఘం ఉన్న హీరోకు వయసు మీద పడినా మొదటివారం ఖాయం. 1923లో పుట్టిన రామారావు 1977లో ‘అడవిరాముడు’లో జయప్రద, జయసుధల సరసన నాయకుడు, అక్కినేని 1971లో ‘ప్రేమనగర్’లో వాణిశ్రీ సరసన నాయకుడు. వారిద్దరికంటే పదేళ్లకు పైగా చిన్నదైన సావిత్రి అప్పటికే తల్లి పాత్రల వైపు జరిగిపోయారు. ప్రేక్షకులు ఆమెను మరిచిపోలేదు. మరిచిపోలేదన్న సంగతిని వసూళ్లుగా చూపించే ఏర్పాటే ఆమెకు లేకపోయింది.

పతనానికి చెప్పే కారణాలు, చెప్పని కారణాలు

1960ల రెండో సగం నుంచి సావిత్రి కథను అభిమానులు పూర్తిగా ఇంటి కథగా మారుస్తారు. జెమినీ గణేశన్‌తో పెళ్లి, దానధర్మాలు, తాగుడు వంటి అలవాట్లు. వీటిని కాదనవలసిన పనిలేదు. వాటి మీద తీర్పు చెప్పవలసిన పని అంతకన్నా లేదు. అయితే ఆమెను నిలబెట్టిన వృత్తి పరిస్థితులు సరిగ్గా అవే ఏళ్లలో మారిపోయాయన్నది ఆ కథల్లో వినపడదు.

మొదట జంట చిత్రాలు తగ్గాయి. ఒక భాషలో ఆడిన కథ హక్కులు కొని, మరో భాషలో, ఆ భాష తారలతో విడిగా తీసే రీమేక్ పద్ధతి బలపడింది. నాయిక రెండు భాషలకూ ఒకరే కావలసిన అవసరం దానితో పోయింది. ఇదే సమయంలో తెలుగు చిత్రాల పని మెల్లగా హైదరాబాదుకు జరగడం మొదలైంది. సారథీ స్టూడియో అక్కడ ముందే ఉంది, అక్కినేని అక్కడికి మకాం మార్చారు, 1970ల నడిమికి అన్నపూర్ణ, రామకృష్ణా స్టూడియోలు వెలిశాయి. రాష్ట్రంలో తీసిన చిత్రాలకు ప్రభుత్వ ప్రోత్సాహం తోడైంది. టీ నగర్ హబీబుల్లా రోడ్డులో ఇల్లు కట్టుకున్న నటికి తెలుగు సినిమా పక్కవీధి పని కాకుండా పోతూ వచ్చింది. రంగుల చిత్రాలు వచ్చాయి, కెమెరా ఫ్లోరు వదిలి తోటల్లోకి, కొండల్లోకి వెళ్లింది. ముఖం దగ్గర ఆగి ఎదురుచూసే ఓపిక తగ్గింది. నెలజీతాల బృందాలు చెదిరాయి.

ఈ స్థితిలో ఆమె ఎంచుకున్న దారి దర్శకత్వం. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. వీరమాచినేని సరోజ నిర్మాత, ‘మిస్సమ్మ’లో ఆమెకు పాడిన పి. లీల సంగీత దర్శకురాలు. ముఖ్యశాఖల్లో మహిళలే ఉన్న తెలుగు చిత్రం అది. అభిమానుల చర్చల్లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. ఆమె ధైర్యానికి ఉదాహరణ వెతికేవారికి ఇంతకన్నా మంచిది దొరకదు. ఆ తరువాత మూడేళ్లలో మరో ఐదు చిత్రాలకు ఆమె దర్శకత్వం వహించారు. వాటిలో చివరివాటిలో ఒకటైన ‘ప్రాప్తం’, 1964 నాటి ‘మూగమనసులు’కు తమిళ రూపం, 1971లో ఆమె సొంత నిర్మాణంలో శివాజీతో వచ్చి దెబ్బతింది. మూలచిత్రం వచ్చి ఏడేళ్లు దాటింది. అదే కథ 1967లో హిందీలోనూ వచ్చి ఆడింది. కథ ఇంకా అమ్ముడుపోతుందన్న అంచనా తప్పింది.

సొంత నిర్మాణం అప్పట్లో నడిచిన తీరు తెలిస్తే ఆ తప్పు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. నిర్మాత పంపిణీదారుల అడ్వాన్సు మీద, ఫైనాన్షియర్ల వడ్డీ అప్పు మీద చిత్రం మొదలుపెడతాడు. నెగటివ్ తాకట్టులో ఉంటుంది. చిత్రీకరణ ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది. చిత్రం పోతే సొంత ఆస్తి కదులుతుంది. దీనికి తోడు ఆదాయపు పన్ను. 1973-74లో సర్‌ఛార్జీతో కలిపి గరిష్ఠ రేటు 97.75 శాతం. పరిశ్రమలో లెక్కకెక్కని నగదు వ్యవహారం మామూలైన రోజుల్లో, లెక్కలు తానే చూసుకోలేని తారకు పాతబాకీ, జరిమానా కలిసి వస్తే తట్టుకోవడం కష్టం.

ఇదే ప్రమాదంలో పడిన మగవారు ఎందరో ఉన్నారు. చిత్తూరు నాగయ్య నిర్మాతగా నష్టపోయి, ఉన్నదంతా దానం చేసి, 1973లో మద్రాసులోనే లేమిలో కన్నుమూశారు. కత్తి కాంతారావు సొంత చిత్రాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నారు. నాగయ్య కథను జనం త్యాగయ్య కథలా చెప్పుకుంటారు, కాంతారావు కథను కాలం కలిసిరాకపోవడంగా చెప్పుకుంటారు. సావిత్రి దగ్గరకు వచ్చేసరికి అదే నష్టం కాపురం కథ అవుతుంది, గ్లాసు కథ అవుతుంది. పంతొమ్మిది నెలలు స్పృహలేని స్థితిలో ఉండి 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూసిన తీరు ఎవరినైనా కదిలిస్తుంది కనుక, వెనక్కి చూసే ప్రతి చూపూ ఆ మంచం దగ్గర నుంచే మొదలవుతుంది. బాలెన్సుషీటు దగ్గర నుంచి మొదలైతే ఆ కథ నాగయ్య కథకు మరింత దగ్గరగా ఉంటుంది.

కొత్త తరానికి చేరిన దారి

థియేటర్లలో ఆడటం ఆగిన నటికి సాధారణంగా ఆ తరంతోనే అభిమానం ముగుస్తుంది. సావిత్రి విషయంలో అలా జరగకపోవడానికి మొదటి కారణం 1995 తరువాత వచ్చిన తెలుగు ప్రైవేటు ఛానెళ్లు. రోజంతా నింపుకోవలసిన సమయానికి పాత చిత్రాలు చవకైన సరుకు. ఇళ్లలో పుట్టిన అభిమానం మళ్లీ ఇళ్లలోకే తిరిగివచ్చింది. మద్రాసు తెలుగు ఇళ్లలో ఇది రెట్టింపు. తెలుగు ఛానెల్‌లో శశిరేఖ, తమిళ ఛానెల్‌లో అదే పాత్ర వత్సల, రెండూ ఒకే ముఖం. ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. 2011లో తపాలా శాఖ అలనాటి భారతీయ నాయికల వరుసలో ఆమె బొమ్మతో బిళ్ల తెచ్చింది. 2018 మే 9న నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ‘మహానటి’ వచ్చింది.

ఈ చివరి చిత్రం అభిమానం దిక్కును కొంత మార్చింది. పాత తరం చిత్రాల నుంచి మనిషి దగ్గరకు వెళ్లింది. కొత్త తరం మనిషి కథ నుంచి చిత్రాల దగ్గరకు వస్తోంది. అందుకే ఇరవయ్యేళ్లవారి మాటల్లో ఆమె పెళ్లి ముందు వస్తుంది, పార్వతి తరువాత వస్తుంది. దీన్ని తప్పనడం కష్టం, దారి అలా పడింది. కానీ మనిషి కథ తెలిసి ‘మిస్సమ్మ’ చూసేవారు మేరీ దిగులులో సావిత్రి దిగులు వెతుకుతారు. 1955లో థియేటర్‌లో కూర్చున్నవారికి అక్కడ కనిపించింది చక్కగా నవ్వించే కొత్త నటి.

అదే చిత్రంలో ఆమె కథను వెతుక్కుంటూ వెళ్లే విలేఖరి పాత్ర సమంతది. చెన్నైలో పుట్టి పెరిగిన సమంత 2010లో తెలుగు తెరకు వచ్చినప్పుడు ఆమె మాట చిన్మయి గొంతులో వినిపించింది. ‘మహానటి’లో తన తెలుగు తానే పలికింది. ఈ రెండు ప్రయాణాలను పక్కన పెడితే అరవై ఏళ్లలో నటి పనిలో ఏది మారిందో తెలుస్తుంది. సావిత్రి తరానికి పాట మాత్రమే అరువు గొంతుది, మాట సొంతం. తరువాతి తరాలకు మాట కూడా అరువుదైంది. సొంత గొంతు వినిపించడం విశేషంగా చెప్పుకునే విషయమైంది. అభిమానంలోనూ తేడా ఉంది. నేటి నటిని అనుసరించేవారి సంఖ్య ఫోనులో అంకెగా కనిపిస్తుంది, ఆ అంకె ప్రకటనల ధరగా మారుతుంది. సావిత్రికి లేని గొట్టం ఇప్పుడు ఏర్పడింది.

సావిత్రిగా నటించినందుకు కీర్తి సురేశ్‌కు 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నటి బహుమతి లభించింది. ఆ వార్త వచ్చినప్పుడు, మరి సావిత్రికి ఆ పురస్కారం ఎందుకు రాలేదని చాలామంది ఆశ్చర్యపోయారు. జాతీయ పురస్కారాలు 1954లోనే మొదలైనా అప్పట్లో అవి చిత్రాలకే ఇచ్చేవారు. నటీనటులకు ఇవ్వడం 1967 నాటి చిత్రాలతో మొదలై, మొదటి ఉత్తమ నటి బహుమతి నర్గీస్‌కు వెళ్లింది. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘పాశమలర్’, ‘మూగమనసులు’ అన్నీ అంతకు ముందువే. ఆమె పని ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు దాన్ని కొలిచి పేరు పెట్టే పురస్కారమే లేదు. ఆ పేరు జనం పెట్టుకున్నారు, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి.